రాళ్ల మధ్య నాచు గులాబీ: శ్రీకాకుళం, విజయనగరం ఇళ్లలో పెంచేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళంలో మేం ఇల్లు కట్టుకున్నాక మిగిలిన బండరాళ్లు, పిక్కరాళ్లు పెరట్లో ఒక మూల కుప్పగా పడి ఉండేవి. అక్కడ ఏ మొక్క వేసినా ఏప్రిల్ దాటేది కాదు. పన్నెండేళ్ల కిందట టెక్కలిలో మా పిన్ని ఇంటి నుంచి తెచ్చిన నాలుగు నాచు గులాబీ కొమ్మలు ఆ రాళ్ల సందుల్లో గుచ్చాను. ఇప్పుడు సంక్రాంతి వెళ్లిన నెల నుంచి తొలకరి దాకా ఆ మూల పూలతో నిండిపోతుంది. దారిన వెళ్లేవాళ్లు గోడ పక్కన ఆగి అడిగేవి, కొమ్మలు పట్టుకెళ్లినవాళ్లు తర్వాత ఫోన్ చేసి అడిగేవి కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ఈ మొక్క పేరేమిటి? ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు.

అన్నీ సరైనవే. నాచు గులాబీ, గడ్డి గులాబీ, పది గంటల పువ్వు అంటారు. నర్సరీలో మాత్రం "టేబుల్ రోజ్" అనండి, వెంటనే తీసిస్తారు. శాస్త్రీయ నామం పోర్టులాకా గ్రాండిఫ్లోరా. జానెడు ఎత్తు కూడా పెరగదు, నేల మీద చాపలా పరుచుకుంటుంది. ఆకులు సూదుల్లా సన్నగా, గుండ్రంగా, నీటితో ఉబ్బి ఉంటాయి. ఎరుపు, గులాబీ, పసుపు, నారింజ, తెలుపు రంగుల్లో పూస్తుంది. ఐదు రేకల ఒంటి పూలూ ఉన్నాయి, గులాబీలా మడతలు మడతలుగా ఉండే ముద్ద పూలూ ఉన్నాయి.

ఇది నిజంగా గులాబీ జాతేనా? మన దేశానిదేనా?

రెండూ కాదు. ముద్ద పువ్వు చూడ్డానికి చిన్న గులాబీలా ఉంటుంది కాబట్టి ఆ పేరు వచ్చింది, అంతే. దీని సొంత ఊరు దక్షిణ అమెరికా. అర్జెంటీనా, ఉరుగ్వే, దక్షిణ బ్రెజిల్‌లో దానంతటదే పెరుగుతుంది. జాన్ గిల్లీస్ అనే స్కాట్లాండ్ వైద్యుడు అర్జెంటీనాలోని మెండోజా కొండల వైపు తేలికపాటి ఇసుక నేలల్లో దీన్ని చూశాడు. 1829లో విలియం జాక్సన్ హుకర్ అనే వృక్షశాస్త్రవేత్త పేరు పెట్టి లోకానికి పరిచయం చేశాడు. ఇసుక నేల, మండే ఎండ, ఎప్పుడో ఒకసారి వాన: పుట్టిన చోట దానికి దొరికినవి ఇవే. ఈ ఒక్క సంగతి గుర్తుంటే కింద రాసిన జవాబుల్లో సగం మీరే చెప్పగలరు.

మా అమ్మమ్మ పప్పులో వేసే పావిలి కూరా, ఇదీ ఒకటేనా? తినొచ్చా?

అక్కాచెల్లెళ్లు అనుకోండి, ఒకటి మాత్రం కాదు. పావిలి కూర, గంగపాయల కూర అని మనం పప్పులో వేసుకునేది పోర్టులాకా ఒలరేసియా. దాని ఆకు బల్లపరుపుగా, గరిటెలా ఉంటుంది, పువ్వు చిన్నది, పసుపు రంగుది. నాచు గులాబీని అలంకారం కోసమే పెంచండి. నర్సరీ మొక్కల మీద ఏ మందు కొట్టారో మనకు తెలియదు కదా. పావిలి కూరలాంటి ఆకుతోనే పెద్ద పూలు పూసే మరో రకం కూడా వేలాడే కుండీల్లో అమ్ముతున్నారు. పెంపకం అన్నిటికీ ఒకటే కానీ ఆ రకాన్నీ కూరలో వేయకండి.

ఎంత ఎండ కావాలి?

రోజుకు కనీసం ఆరు గంటల నేరు ఎండ కావాలి, ఎనిమిది గంటలు దొరికితే మరీ మంచిది. మామిడి చెట్టు కింద, వసారాలో, ఉత్తరపు గోడ నీడలో మొక్క బతుకుతుంది గానీ పువ్వు పుయ్యదు. కాడలు మాత్రం పొడుగ్గా, పాలిపోయి సాగుతాయి. "ఆకులే వస్తున్నాయి, పువ్వు రావట్లేదు" అని ఎవరు అడిగినా ముందు మొక్క ఎక్కడ పెట్టారో ఫొటో పంపమంటాను. పదిమందిలో ఎనిమిదిమంది కుండీలు నీడలోనే ఉంటున్నాయి.

పొద్దున్న చూస్తే కళకళలాడుతుంది, మధ్యాహ్నానికి ముడుచుకుపోతుంది. ఏదైనా తెగులా?

తెగులు కాదు, దాని తీరే అంత. ఒక్కో పువ్వు ఒక్క రోజే ఉంటుంది. వేసవిలో మా ఇంట్లో ఎనిమిదింటికల్లా విచ్చుకుంటాయి, చలికాలంలో పది దాటుతుంది. మధ్యాహ్నం రెండు, మూడు గంటలకు ముడుచుకుంటాయి. మబ్బు పట్టిన రోజు మొగ్గ విప్పకుండా అలాగే ఉండిపోవచ్చు. మర్నాడు కొత్త మొగ్గలు విచ్చుకుంటాయి.

పొద్దున్నే డ్యూటీకి వెళ్లి సాయంత్రం వచ్చేవాళ్లకు ఇది నిజంగా బాధే. విజయనగరంలో ఉద్యోగం చేసే మా మరదలు ఏడాదంతా పెంచి, ఆదివారం తప్ప పువ్వు ముఖం చూడలేదు. అలాంటివాళ్లు పక్కనే నాలుగు చంద్రకాంత మొక్కలు వేసుకోండి. అవి సాయంత్రం నాలుగు దాటాక విచ్చుకుంటాయి.

రాతి తోట ఎలా కట్టాలి? పెరట్లో పది అడుగుల స్థలం ఉంది.

పది అడుగులు ఎక్కువే, ఆరు చాలు. రాళ్లు అందం కోసం పెడతారని చాలామంది అనుకుంటారు. అసలు పని నీరు నిలవకుండా చూడటం. వేళ్లకు చల్లదనం అందించేది, మట్టి కొట్టుకుపోకుండా పట్టి ఉంచేది కూడా ఆ రాళ్లే.

ముందు తూర్పు గానీ దక్షిణం గానీ తెరిపిగా ఉన్న చోటు చూడండి. వాన పడ్డాక అక్కడ నీరు ఎంతసేపు నిలుస్తుందో గమనించండి. గంట దాటి నిలిచే చోటైతే దాన్ని వదిలేయండి, లేదా అడుగున్నర ఎత్తు మెరక చేయండి. అడుగున పగిలిన ఇటుకలు, సిమెంటు పెళ్లలు, పెద్ద పిక్క జానెడు మందాన పరవండి. దాని మీద మట్టి మిశ్రమం మరో జానెడు చాలు, దీని వేళ్లు లోతుకు పోవు.

మట్టి మిశ్రమం నేను ఇలా కలుపుతాను: రెండు తట్టలు ముతక ఇసుక, ఒక తట్ట ఎర్రమట్టి, ఒక తట్ట బాగా మాగిన గత్తం. నాగావళి, వంశధార ఇసుకలో ముతకది దొరికితే అదే వాడండి. సముద్రపు ఇసుక తేవద్దు. అందులో ఉప్పు ఉంటుంది, మరీ సన్నంగా ఉండి తడిస్తే గట్టిపడుతుంది. చెరువు మట్టి, నల్లరేగడి కలిపితే మాత్రం మొక్క వానాకాలం దాటదు.

రాయి పెట్టడంలో ఒక పద్ధతి ఉంది. మట్టి మీద ఊరికే ఆనించి పెడితే పేర్చిన కుప్పలా కనిపిస్తుంది, కుక్క ఎక్కినా దొర్లుతుంది. ప్రతి రాయిలో మూడో వంతు నేలలోకి దిగాలి. పైభాగం కాస్త వెనక్కి వాలి ఉంటే మీద పడిన నీరు రాయి వెనక మట్టిలోకి ఇంకుతుంది. విజయనగరం చుట్టుపక్కల కొండరాళ్లను చూడండి, ఒకే వైపు వాలినట్టు పొరలు పొరలుగా ఉంటాయి. అలా పెడితేనే సహజంగా ఉంటుంది. ఆ రాతిని ఖొండలైట్ అంటారు, కోందు గిరిజనుల పేరు మీద వచ్చిన పేరు. పగలగొడితే లోపల ఎర్రెర్రని గోమేధికపు గింజలు కనిపిస్తాయి. మన కొండల కింది ఎర్ర గరప నేల చాలావరకు ఆ రాయి చివికి తయారైందే, నాచు గులాబీకి ఆ నేల బాగా సరిపోతుంది.

రాళ్ల మధ్య పిడికిలి పట్టేంత సందులు వదలండి. ఒక్కో సందులో రెండు, మూడు కొమ్మలు గుచ్చితే నెలన్నరలో రాళ్ల మీదికి పాకుతాయి.

టెక్కలి వైపు గ్రానైట్ ముక్కలు దొరుకుతాయి. వాడొచ్చా? పలాస నుంచి జీడిపిక్కల తొక్క తెచ్చి పైన పరవొచ్చా?

గ్రానైట్ ముక్కలు నిక్షేపంగా వాడండి. టెక్కలి నీలిరాయి పక్కన పసుపు పచ్చ పువ్వు ఎంత బాగుంటుందో చెప్పలేను. కోత దగ్గర పోగయ్యే బూడిదరంగు పిండి మాత్రం ముక్కలకు అంటి ఉంటే కడిగేయండి. ఆ పిండి మట్టిలో కలిసి తడిస్తే సిమెంటులా బిగుసుకుని నీటి దారి మూసేస్తుంది.

జీడి తొక్క వద్దు. అందులోని నూనె చర్మాన్ని కాల్చేస్తుందని పలాసలో జీడి పరిశ్రమలో పనిచేసే ఆడవాళ్ల వేళ్లు చూస్తే తెలుస్తుంది. పిల్లలు తిరిగే పెరట్లో పచ్చి తొక్క పరవకూడదు. పైన పరచడానికి సన్న పిక్కరాళ్లు చాలు. కాడల మొదలు దగ్గర తడి నిలవకుండా అవి కాపాడతాయి.

రోజూ నీళ్లు పోస్తున్నా కాడలు మెత్తబడి పడిపోతున్నాయి. ఇంకా ఎక్కువ పోయాలా?

దయచేసి ఆపేయండి. అందరూ చేసే పొరపాటు ఇదే, మొదట్లో నేనూ చేశాను. కాడ వాలిపోయింది అనగానే దాహం అనుకుని చెంబు ఎత్తుతాం. వేసవిలో మిగతా మొక్కలకు అది నిజం. దీనికి ఒకసారి వేలితో తాకి చూడాలి. కాడ ముడతలు పడి సన్నబడితే దాహం. కాడ మొదలు దగ్గర నల్లగా మెత్తగా, నొక్కితే నీరు కారేలా ఉంటే కుళ్లు. కుళ్లుకు మందు లేదు. పై కొమ్మ గట్టిగా ఉంటే కత్తిరించి వేరే చోట గుచ్చుకోండి, కింది భాగం వేళ్లతో సహా తీసి పారేయండి.

నేలలో వేసినవాటికి ఏప్రిల్, మే నెలల్లో కూడా రెండు, మూడు రోజులకు ఒకసారి చాలు. డాబా మీద చిన్న కుండీలు వేరు, అవి పొయ్యిలా కాగుతాయి కాబట్టి రోజూ పొద్దున్నే కాస్త పోయాలి. చలికాలంలో వారానికి ఒకసారి చాలు. సాయంత్రం పోయడం మానేయండి, రాత్రంతా తడి ఉండిపోతుంది. పువ్వుల మీద, ఆకుల మీద పడకుండా మొక్క మొదలు దగ్గర పోయండి.

ఇంత తక్కువ నీటితో ఎలా బతుకుతుందని అడుగుతారు. ఆకులో, కాడలో నీరు దాచుకుంటుంది, అది ఒక సంగతి. రెండోది కంటికి కనిపించదు. మొక్కజొన్న, చెరకు, చోడి లాగే దీనికీ తక్కువ నీటితో ఎక్కువ ఆహారం తయారుచేసుకునే పద్ధతి ఉంది. సైన్సు పుస్తకాల్లో దాన్ని సి4 అంటారు. నీరు బొత్తిగా లేనప్పుడు పావిలి జాతి మొక్కలు ఇంకో అడుగు వేస్తాయి. బ్రహ్మజెముడులా రాత్రి చల్లబడ్డాక ఆకు రంధ్రాలు తెరిచి కార్బన్ డై ఆక్సైడ్ పట్టి పెట్టుకుంటాయి, పగలు వాడుకుంటాయి. ఈ రెండు విద్యలూ ఒకే మొక్కలో ఉండటం చాలా అరుదు. అలాంటి మొక్కకు మనం రోజూ రెండు చెంబులు పోసి వేళ్లు కుళ్లబెడుతున్నాం.

వానాకాలంలో, తుఫాన్లలో ఎలా కాపాడుకోవాలి?

అన్నీ కాపాడలేం. ఈ మాట ముందే ఒప్పుకుంటే టెన్షన్ ఉండదు. జూన్ రెండో వారం నుంచి అక్టోబర్ దాకా మన జిల్లాల్లో గాలిలో తేమ, ఆగని ముసురు. ఆ నాలుగు నెలలూ దీనికి కష్టకాలమే.

నేను చేసేది ఇది. తొలకరికి ముందే ప్రతి రంగు నుంచి ఐదారు కొమ్మలు తుంచి, చిల్లులున్న పాత డబ్బాల్లో ఇసుక ఎక్కువ కలిపి గుచ్చి, వాన తగలని ఎండ పడే చూరు కింద పెడతాను. అవే వచ్చే ఏటికి తల్లి మొక్కలు. పెరట్లోవాటిని సగానికి కత్తిరిస్తాను, గుబురు తగ్గితే గాలి ఆడుతుంది. తర్వాత వాటి అదృష్టం.

2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా వీధిలో కొబ్బరి చెట్లు పడ్డాయి, రోజుల తరబడి కరెంటు లేదు. మొక్కల సంగతి ఎవరికీ గుర్తు లేదు. నీరు తీశాక చూస్తే రాళ్ల మధ్య అంతా నల్లగా కుళ్లిపోయింది. చూరు కింద డబ్బాలు గాలికి ఎటు ఎగిరిపోయాయో తెలియదు. ఆ ఏడాదితో అయిపోయిందనుకున్నాను. ఫిబ్రవరిలో ఒక రోజు కలుపు తీయడానికి కూర్చుంటే రాయి అంచున ఆవగింజంత ఎర్రటి మొలకలు కనిపించాయి. లెక్కపెడితే నలభై దాకా ఉన్నాయి. పాత పూల గింజలు రాళ్ల సందుల్లో పడి వరదను దాటేశాయి. ఏప్రిల్‌కి అవి పూశాయి, అంతకుముందు మా ఇంట్లో లేని లేత నారింజ రంగు కూడా వచ్చింది. అప్పటి నుంచి వాడిన పూలన్నీ గిల్లేయడం మానేశాను. కొన్ని కాయలు పండి రాలాలి.

విత్తనాలా, కొమ్మలా? ఏది మంచిది?

కొమ్మ తేలిక. బొటనవేలంత కొమ్మ తుంచి, కింది ఆకులు తీసి, ఒక రోజు నీడలో వదిలేస్తే కోసిన చోట ఆరుతుంది. తర్వాత తడి ఇసుకలో గుచ్చండి. వారం, పది రోజుల్లో వేరు పడుతుంది. జనవరి చివరి నుంచి మార్చి దాకా మంచి సమయం.

విత్తనాలకు ఓపిక కావాలి. గ్రాముకు దాదాపు 10,000 గింజలుంటాయి, అంత సన్నవి. పొడి ఇసుకలో కలిపి చల్లితే ఒకేచోట పడవు. మట్టి కప్పకండి, మొలవడానికి వెలుతురు కావాలి. పైపైన నీళ్లు చిలకరిస్తే వారం నుంచి రెండు వారాల్లో మొలుస్తాయి, మరో నెలన్నర, రెండు నెలలకు పూత. సొంతంగా గింజలు సేకరించాలంటే కాయను గమనిస్తూ ఉండాలి. పండగానే చిన్న మూత ఊడినట్టు పై భాగం లేచి, లోపల ఉక్కు రంగు గింజలు కనిపిస్తాయి. ఒక్క గాలి వీచినా ఒలికిపోతాయి. ఆ మూత వల్లే పోర్టులాకా అనే పేరు వచ్చిందంటారు, లాటిన్‌లో చిన్న తలుపు అని అర్థం.

ముద్ద పూల గింజలు వేస్తే ఒంటి రేక పూలు వచ్చాయి. షాపువాళ్లు మోసం చేశారా?

మోసం అనుకోనక్కర్లేదు. ముద్ద పూల మొక్క గింజల్లోంచి కొన్ని ఒంటివి రావడం మామూలే. నచ్చిన పువ్వు అచ్చం అలాగే కావాలంటే కొమ్మతోనే పెంచాలి. నాకైతే ఒంటి పూలే ఇష్టం, తేనెటీగలు వాటి దగ్గరికే వస్తాయి.

ఎరువు ఏం వేయాలి?

నాటేటప్పుడు కలిపిన గత్తం చాలు. యూరియా వేస్తే ఆకు బలిసి పువ్వు తగ్గుతుంది.

పురుగులు, తెగుళ్లు?

ఎక్కువగా కనిపించేది పిండి నల్లి. కాడల కణుపుల్లో తెల్ల దూదిలా అంటుకుంటుంది. కొద్దిగా ఉంటే పాత టూత్‌బ్రష్‌తో సబ్బునీళ్లు పెట్టి రుద్దండి, ముదిరితే ఆ కొమ్మ కోసేయండి. చీమలు బారులు కట్టాయంటే పిండి నల్లో పేనుబంకో ఉన్నట్టే. వానల్లో నత్తలు రాత్రికి రాత్రి కొరికేస్తాయి, టార్చి పట్టుకుని ఏరెయ్యడమే నేను చేసే పని.

నల్లటి ముళ్ల గొంగళి కనిపిస్తే చంపే ముందు ఆగండి. పావిలి జాతి మీద పెరిగే ఒక సీతాకోకచిలుక ఉంది. మగది నల్ల రెక్కల మీద తెల్ల చుక్కలతో ఉంటుంది. ఆడది జిల్లేడు మీద పెరిగే నారింజ రంగు సీతాకోకచిలుకలా వేషం వేసుకుంటుంది, పక్షులు చేదు అనుకుని వదిలేస్తాయని. నాలుగు ఆకులు పోయినా ఆ పురుగులను పక్కనే పెరిగే పావిలి కూర మీదికి మార్చి వదిలేస్తాను.

మాది కళింగపట్నం వైపు, సముద్రపు గాలి. బతుకుతుందా?

బతుకుతుంది. ఉప్పు గాలికి ఓర్చుకునే పూల మొక్కల్లో ఇది ఒకటి. ఉప్పునీటి బోరు నీళ్లే పోస్తుంటే మాత్రం వానాకాలం మొదట్లో ఒకసారి మట్టి బాగా తడవనిచ్చి ఉప్పు కిందికి దిగేలా చూడండి.

పిల్లులు, కుక్కలు, మేకలు నమిలితే ప్రమాదమా?

ఇందులో ఆక్సలేట్లు అనే లవణాలు ఉంటాయి. పిల్లులకు, కుక్కలకు మంచిది కాదు. పెంపుడు జంతువు నమిలే రకమైతే కుండీలో పెంచి గోడ మీద పెట్టండి. మేకకు, కోళ్లకు ఇది చాలా ఇష్టం. వాటి వల్ల మొక్కకూ ప్రమాదమే.

పూజకు వాడొచ్చా?

దండ కట్టడానికి పనికిరాదు, కోసిన కాసేపటికే ముడుచుకుంటుంది. మా అమ్మ మాత్రం ఆదివారం పొద్దున్న విచ్చుకున్న నాలుగు పూలు ఇత్తడి గిన్నెలో నీళ్ల మీద వేసి సూర్యుడికి ఎదురుగా పెడుతుంది. అరసవల్లి స్వామి ఊళ్లో ఉంటూ, ఎండ కనిపిస్తే తప్ప కళ్లు తెరవని పువ్వును ఆయనకు పెట్టకపోతే ఎలా అంటుంది.

ఇంటర్నెట్‌లో రాళ్ల మీద ఊదా తివాచీలా పరిచిన పూలు చూశాను. గింజలు తెప్పించాను, మొలవలేదు.

అవి చాలావరకు మాస్ ఫ్లాక్స్, ఆబ్రీషియా లాంటి చలి దేశపు మొక్కలు. బాగా పూయడానికి వాటికి చలికాలపు గట్టి చలి కావాలి. మన మే నెల వాటికి శిక్ష. మీ తప్పేం లేదు. ఆ తివాచీ మనకు కావాలంటే ఒకే రంగు నాచు గులాబీని దగ్గర దగ్గరగా, జానెడు దూరంలో గుచ్చండి. పక్కన కలబంద, కాస్త వెనక బిళ్లగన్నేరు పెడితే ఏడాది పొడవునా ఏదో ఒకటి పచ్చగా ఉంటుంది.

మా పిల్లలకు ఆసక్తి కలగాలంటే ఏం చూపించాలి?

ఎండ బాగా ఉన్నప్పుడు విచ్చుకున్న ఒంటి పువ్వు మధ్యలోని కేసరాలను సన్నని పుల్లతో మెల్లగా తాకమనండి. అవి కదులుతాయి. అత్తిపత్తి ఆకు ముడుచుకోవడం చూసిన పిల్లలు కూడా ఇది చూసి ఆశ్చర్యపోతారు. ఈగ వాలినప్పుడు పుప్పొడి దాని ఒంటికి అంటడానికి ఆ కదలిక సాయపడుతుంది.

రంగు సంగతి కూడా చెప్పండి. ఎర్ర మందారం ఎరుపూ, దీని ఎరుపూ ఒకటి కాదు. బీట్‌రూట్‌లో, ఎర్ర తోటకూరలో, చేతులకు పూసుకుని ఆడుకునే బచ్చలి పండులో, కాగితం పువ్వులో ఉండే బీటలైన్ అనే రంగే దీనిలోనూ ఉంది. అవన్నీ దూరపు చుట్టాలు కూడా.

మా చెల్లికి సాలూరు పంపాలి. కొమ్మలు బస్సులో పాడవుతాయా?

పాడవవు. తడి గుడ్డ చుట్టకండి, పాలిథిన్ కవర్లో మూట కట్టకండి, ఆవిరి పట్టి కుళ్లుతాయి. పొడి న్యూస్‌పేపర్‌లో వదులుగా చుట్టి అట్టపెట్టెలో పెట్టండి. రంగు పేరు పేపర్ మీద రాయండి, పువ్వు లేనప్పుడు అన్ని కొమ్మలూ ఒకేలా ఉంటాయి. మూడు రోజులు ఆలస్యమైనా గుచ్చితే బతుకుతాయి, అయితే గుచ్చిన మొదటి రెండు రోజులు ఎక్కువ నీళ్లు పోయొద్దని ఫోన్ చేసి మరీ చెప్పండి.